ఖాళీ కత్తెర

"నొప్పి వచ్చాక ఆగడం కాదు బాబాయి గారూ, నొప్పి రాబోతోంది అనగానే ఆగాలి," అంది ఫిజియో అమ్మాయి. "ఆగి, చెయ్యి తీసేయకూడదు. అక్కడే ఉండాలి. కాసేపటికి అదే వదులుతుంది."

అతని కుడిచెయ్యి బల్ల మీద, మడతపెట్టిన తువ్వాలు మీద, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. పట్టీ తీసేసిన చోట చర్మం నానిపోయినట్టు తెల్లగా, ముడతలు ముడతలుగా ఉంది. ఆమె ఒక చేత్తో అరచేతిని కదలకుండా అదిమి పట్టుకుంది. రెండో చేత్తో బొటనవేలిని, కొస దగ్గర కాకుండా మొదలు దగ్గర పట్టుకుని, గ్లాసు అందుకోబోతున్న చెయ్యిలా మెల్లగా బయటికి తెరవసాగింది. రెండు వేళ్ళ మధ్య సందులో, చర్మం కింద, తాడు లాంటిదేదో బిగుసుకుంది. ఆమె అక్కడ ఆగింది.

అతను ఆమె ముఖం చూడలేదు. చేతుల్నే చూస్తున్నాడు. చేతుల సంగతి అతనికి తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచి ఊళ్ళో వాళ్ళ తలలు పట్టుకుని బతికినవాడు. చెవి వెనక ఎక్కడ తాకితే తల పక్కకి వాలుతుందో, ఎంత ఒత్తితే మనిషి మెడ బిగిస్తాడో, ఎంత ఒత్తితే కళ్ళు మూతలు పడతాయో తెలిసినవాడు. ఈ పిల్ల చేతుల్లో తొందర లేదు అనుకున్నాడు. పనిమంతురాలు. ఆ మెచ్చుకోలు వెనక ఇంకో సంగతి ఉందనీ, దాన్ని తను చూడకుండా పక్కకి నెట్టేస్తున్నాడనీ కూడా అతనికి తెలుసు. ఇంకొకరి చెయ్యి తన చేతి మీద ఇంతసేపు ఉండి చాలా కాలమైంది.

"ఊపిరి బిగపట్టకండి."

"బిగపట్టలేదమ్మా."

"నాకు తెలుస్తుందిగా. మీరు ఊపిరి బిగపడితే ఇదీ బిగుస్తుంది."

అతను ఊపిరి వదిలాడు. వేలు నిజంగానే ఇంకో నూలుపోగంత తెరుచుకుంది. ఆమె ఆ కొత్త చోట మళ్ళీ ఆగింది.

"రోజూ వీలైనన్నిసార్లు ఇలా చెయ్యాలి. గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి కాసేపు ఉంచాక చేస్తే ఇంకా మంచిది. మీ ఎడం చేత్తో మీరే చేసుకోవచ్చు గానీ, ఇంకొకళ్ళు చేస్తే బాగా వస్తుంది. ఒక చెయ్యి ఆపాలి, ఒక చెయ్యి తెరవాలి. ఇంట్లో ఎవరుంటారు?"

"మా ఆవిడ ఉంటుంది," అన్నాడు.

ఆవిడ పోయి రెండో ఏడు నడుస్తోంది. అబద్ధం చెప్పాలని అతను అనుకోలేదు. ఇంట్లో ఎవరుంటారని ఎవరైనా అడిగితే ఇన్నేళ్ళుగా నోరు ఏం చెప్పేదో ఇప్పుడూ అదే చెప్పింది. చెప్పాక, సరిదిద్దుకోవడానికి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో ఆ అమ్మాయి ముఖం తేలికపడటం చూశాడు.

"అయితే ఇంకేం. నేను చేసినట్టే ఆవిడకి చూపించండి. ఆవిడే బాగుచేసేస్తారు."

"సరేనమ్మా," అన్నాడు.

ఆస్పత్రి మెట్లు దిగుతూ, సిగ్గుపడాలేమో అనుకున్నాడు. సిగ్గు రాలేదు. దాని బదులు ఇంకోటి వచ్చింది. ఇంటికి వెళ్ళి తలుపు తోస్తే లోపలి నుంచి గడియ వేసి ఉంటుందేమో అన్నంత చిన్న ఆశ. అది ఆశ కూడా కాదు, అలవాటు తాలూకు నీడ. వీధి మలుపు తిరిగేదాకా దాన్ని వెంట రానిచ్చి, అక్కడ వదిలేసి షాపు వైపు నడిచాడు.

*

షాపులో రెండే కుర్చీలు. కిటికీ పక్కది అతనిది, లోపలిది బావమరిదిది. తడి నేల మీద కాలు జారి, పడబోతూ చెయ్యి ఆనించి, బొటనవేలి మొదట్లో ఎముక విరగ్గొట్టుకునేదాకా ఆ ఏర్పాటు మారలేదు. జుట్టు కత్తిరించడానికి అతను తీసుకునే సమయాన్ని బట్టి జనం అతనికి 'నిదానం' అని పేరు పెట్టారు. పని తొందర ఉన్నవాళ్ళు బావమరిది దగ్గర కూర్చునేవాళ్ళు, తొందర లేనివాళ్ళు నిదానం కోసం బెంచీ మీద ఎదురుచూసేవాళ్ళు.

ఇప్పుడు బావమరిది కిటికీ పక్క కుర్చీ దగ్గర నిలబడి పని చేస్తున్నాడు. అక్కడ వెలుతురు బాగుంటుందని. కుర్చీలో తాళాలాయన ఉన్నాడు. పక్క వీధిలో తాళాలు బాగుచేసే ఆయన. నిదానం తప్ప ఇంకొకరు తన తల ముట్టుకుంటే తల వాస్తుందని అందరి ముందూ అంటుండేవాడు.

"రా బావా," అన్నాడు బావమరిది, తల తిప్పకుండా. "ఏమంది డాక్టరమ్మ?"

"డాక్టరమ్మ కాదు. వేళ్ళు సాగదీసే అమ్మాయి. తెరుచుకుంటుందంది."

"ఎప్పటికి?"

"తెరుచుకుంటుందంది."

తాళాలాయన అద్దంలోంచి పలకరించాడు. "ఏంటి నిదానం, వేలికి ఇంకా తాళం తియ్యలేదా?"

"తాళంచెవి మీ దగ్గరే ఉందని చెప్పారు. ఎప్పుడిస్తారు?"

"నా దగ్గరున్నవన్నీ దొంగ తాళంచెవులేనయ్యా," అన్నాడు తాళాలాయన. ముగ్గురూ నవ్వారు. నవ్వు అయిపోయాక మిషను చప్పుడొక్కటే మిగిలింది. బావమరిది మిషను పెట్టి వెనక నుంచి పైకి లాగేస్తున్నాడు. తాళాలాయనకి నడినెత్తికి కాస్త కిందుగా సుడి ఉంది. అక్కడ మిషను పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కత్తెరతో, తడిపి, సుడి తిరిగిన వైపే కత్తిరించాలి. నిదానం ఆ చోటునే చూస్తున్నాడు. చూస్తుండగానే మిషను దాని మీదుగా వెళ్ళిపోయింది. తల ఎత్తేసరికి అద్దంలో తాళాలాయన కళ్ళు ఎదురయ్యాయి. అవి ఒక్క క్షణం నిలిచి, మెడకి చుట్టిన గుడ్డ మీదికి దిగిపోయాయి.

"ఏదో, మళ్ళీ పెరుగుతుందిగా," అన్నాడు తాళాలాయన. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ కళ్ళు దిగిపోవడమే నిదానానికి లోపల ఎక్కడో గీసుకుంది. కోపగించుకుని ఉంటే బాగుండేది. నువ్వు లేవు కాబట్టి ఇలా అయిందని అని ఉంటే ఇంకా బాగుండేది. సిగ్గుపడిన మనిషి అప్పుడే అవతలి ఒడ్డుకు చేరిపోయిన మనిషి.

తాళాలాయన వెళ్ళాక బావమరిది గుడ్డ దులుపుతూ, "ఒకటి చెబుతాను, ఏమనుకోకు బావా," అన్నాడు. "నువ్విలా బెంచీ మీద కూర్చుంటే, లోపల జనం ఉన్నారనుకుని వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు."

"ఎక్కడ కూర్చోమంటావు మరి, అద్దంలోనా?"

"అది కాదులే. ఇంటి దగ్గర రెస్టు తీసుకోవచ్చుగా అని." చీపురు తీసి, వెంట్రుకల్ని అవసరమైన దానికంటే జాగ్రత్తగా ఒక కుప్పగా చేశాడు. "ఇంకోటి. ఒకతను పని అడుగుతున్నాడు. బస్టాండు దగ్గర షాపు మూసేశారుట. పనిమంతుడే. సోమవారం నుంచి వస్తానంటున్నాడు. మనం ఏ సంగతీ చెప్పకపోతే ఇంకెక్కడన్నా చేరిపోతాడు."

"నా కుర్చీకా?"

"కుర్చీ నీదే బావా, ఎక్కడికి పోతుంది. ఒక్కణ్ణీ రెండు కుర్చీలకి తిరగలేక చస్తున్నాను, అంతే. సోమవారానికి నువ్వు కత్తెర పట్టగలిగితే అతన్ని రావద్దనే చెబుతాను."

"పడతాను."

"ఆలోచించి చెప్పు."

"చెప్పానుగా."

నిదానం సొరుగు తెరిచి తన కత్తెర తీసుకున్నాడు. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బావమరిది అది చూశాడు. కుప్ప చేసిన వెంట్రుకల్ని మళ్ళీ ఊడ్చాడు.

*

గదిలో మధ్యాహ్నపు ఎండ కిటికీ నుంచి మంచం దాకా పడింది. నిదానం గిన్నెలో నీళ్ళు వేడిచేసి, మోచేతితో తాకి చూసి, చెయ్యి ముంచాడు. తర్వాత బల్ల మీద తువ్వాలు మడతపెట్టి, చెయ్యి పెట్టి, ఎడం చేత్తో వేలి మొదలు పట్టుకున్నాడు. అరచేతిని ఆపడానికి ఇంకో చెయ్యి లేదు. బల్ల అంచుకి ఆనించి ఆపాడు. మెల్లగా తెరిచాడు. తాడు బిగుసుకుంది. ఆగాడు.

తెరవడం కష్టం కాలేదు. ఆగి ఉండటం కష్టమైంది. ఆగి ఉన్నంతసేపూ చెయ్యడానికి పని లేదు, చూడటానికి ఎవరూ లేరు. వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. పంపు కట్టలేదేమో, చుక్కలు పడుతున్నాయి. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. ఆ అమ్మాయి చెప్పినట్టు వేలు వదులవుతోందో లేదో గానీ, వేలి చుట్టూ ఉన్నదంతా దగ్గరికి రాసాగింది: గోడ, మంచం, రెండో మంచం ఉండాల్సిన చోటు. అతను చెయ్యి తీసేశాడు. లేచి పంపు కట్టాడు. ఇంకోసారి కూర్చుని, ఇంకోసారి లేచాడు.

ఇలా ఊరికే కూర్చుంటే సోమవారానికి ఏమవుతుంది? పని చేసే వేలికి పనే మందు అనుకున్నాడు. రుమాలు విప్పి కత్తెర తీశాడు.

పని నేర్చుకునే వాళ్ళకి మొదట నేర్పేది ఖాళీ కత్తెర. వెంట్రుకకీ వెంట్రుకకీ మధ్య, చెయ్యి గాల్లో ఉన్నప్పుడు కూడా కత్తెర ఆడుతూనే ఉండాలి. చప్పుడు ఆగితే కుర్చీలో మనిషి అద్దంలోకి చూస్తాడు, వీడు నా తల మర్చిపోయాడని. కత్తెరలో మిగతా వేళ్ళన్నీ కదలకుండా ఉంటాయి. బొటనవేలు ఒక్కటే ఆడుతుంది. ఆ వేలు నేర్చుకుంటే చెయ్యి మొత్తం నేర్చుకున్నట్టే. బావమరిదికి అది అతనే నేర్పాడు, వాడి గడ్డం ఇంకా నల్లబడని రోజుల్లో.

మొదట్లో వేలు కత్తెర పిడి కంతలోకే సరిగ్గా దూరలేదు. దూర్చాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కొక్క చప్పుడుకీ పళ్ళు కొరుక్కున్నాడు. సాయంత్రానికి చప్పుళ్ళు దగ్గరదగ్గరగా పడసాగాయి. మర్నాడు ఇంకా దగ్గరగా పడ్డాయి. గది ఆ చప్పుడుతో నిండింది. ఇంతకుముందు దగ్గరికి వచ్చినవన్నీ వెనక్కి జరిగాయి. అతను ఎదుటి కుర్చీని కిటికీ దగ్గరికి లాగి దాని వెనక నిలబడ్డాడు. కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో కత్తెర ఆడించాడు. చెవి ఉండే చోట వేగం తగ్గించాడు, మెడ దగ్గర మొన తిప్పాడు. ఎడం చెయ్యి తనంతట తనే లేచి, లేని తలని కొంచెం ముందుకి వంచింది.

"కాస్త వంచండి," అన్నాడు.

తన గొంతు తనకే వినిపించి ఆగిపోయాడు. ఆ రోజు పొద్దుట్నించీ మాట్లాడిన మొదటి మాట అదే. కాసేపు కుర్చీ వైపు చూస్తూ నిలబడి, మళ్ళీ మొదలుపెట్టాడు. సోమవారం ఉంది. ఈ వేగం ఇలాగే పెరిగితే చాలు. వేలి సందులో వాపు కనిపించినా, కష్టపడ్డ వేలు వాయకుండా ఉంటుందా అనుకున్నాడు.

*

శుక్రవారం ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు అతనికి ఎవరికో ఏదో చూపించబోతున్న ఉత్సాహం ఉంది. ఫిజియో అమ్మాయి అతని ముందు సీసాలు వరసగా పెట్టింది: సన్నటి మందు సీసా, దానికంటే లావుది, గాజు గ్లాసు. పోయినసారి రెండో సీసాని పట్టుకున్నాడు. ఇవాళ గ్లాసు అందుకుంటాడని ఆమె అనుకుంది. అతనూ అనుకున్నాడు. రెండో సీసా చుట్టూ కూడా వేలు తిరగలేదు.

ఆమె సీసాలు పక్కన పెట్టి, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య సందుని తన బొటనవేలితో తడిమింది. తడుముతూనే ముఖం మారింది.

"ఇంట్లో ఏం జరుగుతోంది బాబాయి గారూ?"

"మీరు చెప్పినట్టే చేస్తున్నానమ్మా."

"ఆవిడ మరీ గట్టిగా లాగుతున్నారా?"

అతను బల్ల మీది తువ్వాలు అంచు సరిచేశాడు. కత్తెర సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. అది చెబితే సోమవారం సంగతి చెప్పాలి. సోమవారం సంగతి చెబితే ఈ అమ్మాయి వద్దంటుంది. ఆ లెక్కంతా అతను వేసుకోలేదు. దానంతట అదే పడిపోయింది.

"కొంచెం," అన్నాడు.

"అనుకున్నాను. కొంతమంది ఇళ్ళల్లో వేలంటే పిండిముద్ద అనుకుంటారు, ఎంత పిసికితే అంత మెత్తబడుతుందని. ఆవిడ తప్పు కాదులెండి, తొందరగా బాగవ్వాలని ఆవిడకీ ఉంటుందిగా. కానీ ఇది ఇలా వాచిందంటే లోపల అతుక్కుపోతుంది. అతుక్కుపోయాక నేను లాగినా తెరుచుకోదు, అప్పుడు డాక్టరు కొయ్యాలి. రేపు ఆవిణ్ణి తీసుకురండి. ఆవిడ చెయ్యి నా చేత్తో పట్టుకుని చూపిస్తాను."

"రేపా?"

"రేపే. ఇది వాయిదా వేసేది కాదు."

"సోమవారానికి కత్తెర పట్టొచ్చా అమ్మా?"

"కత్తెర పేరెత్తకండి. ముందు నీళ్ళ గ్లాసు పట్టుకోండి."

ఇంటికి వెళ్ళే దారి మామూలు కంటే పొడుగ్గా అనిపించింది. చెయ్యి వాచిందన్న మాట కంటే, అతుక్కుపోతుందన్న మాట కంటే, 'కొంచెం' అన్న తన మాటే అతనితో పాటు నడిచింది. ఆవిణ్ణి బతికించినందుకు అతనికి సిగ్గు వెయ్యలేదు. బతికించి, తన తప్పు ఆవిడ నెత్తిన వేశాడు. ఎదురు చెప్పలేని మనిషి గురించి, తన పక్కన నిలబడి వింటున్నట్టే, గట్టి చెయ్యి అన్నాడు. క్షమించమని అడగాలంటే ముందు ఆవిడ ఉండాలి. లేదంటే ఆ అమ్మాయికి నిజం చెప్పాలి. నిజం చెబితే ఆవిడ ఇంకోసారి పోతుంది.

గదిలో కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. కత్తెర కిటికీ గట్టు మీద ఉంది. అతను ఆ రెంటినీ ముట్టుకోలేదు. నీళ్ళు వేడిచెయ్యలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. వెలుతురు మంచం దాకా వచ్చి, గోడెక్కి, వెళ్ళిపోయింది.

*

శనివారం మెట్లెక్కుతూ సాకులు వెతుక్కున్నాడు. జ్వరమని చెప్పొచ్చు. ఎవరింటికో వెళ్ళిందని చెప్పొచ్చు. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదని చెప్పొచ్చు. ఒక్కొక్క సాకులోనూ ఆవిడ ఒక్కోలా కనిపించింది: దుప్పటి కప్పుకుని, సంచీ సర్దుకుంటూ, మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుంటూ. ఏదీ వదులుకోబుద్ధి కాలేదు.

తన వంతు కోసం కూర్చున్నాడో లేదో బావమరిది మెట్లెక్కి వచ్చాడు. చొక్కా చేతుల మీద ఇంకా వెంట్రుకలున్నాయి.

"షాపు మూశావా?"

"తాళాలాయన్ని కూర్చోబెట్టి వచ్చా. నువ్వు అటు రావడమే మానేశావుగా. ఒక మాట చెప్పాలి నీకు." పక్కన కూర్చుని, చేతి మీది వెంట్రుకలు ఒక్కొక్కటే తీసి కింద పడెయ్యసాగాడు. "అదే, సోమవారం సంగతి..."

లోపలి నుంచి పిలుపు వచ్చింది. నిదానం లేచాడు. ఏం తోచక బావమరిది కూడా లేచి వెంట వెళ్ళాడు.

ఫిజియో అమ్మాయి అతని వెనక ఎవరైనా ఆడమనిషి వస్తుందేమోనని గుమ్మం వైపు చూసి, "ఆవిడ రాలేదా? మీరెవరండీ?" అంది.

"బావమరిదినండి."

"అయితే ఆవిడ తమ్ముడా? మీ అక్కగారిని తీసుకురమ్మని ఈయనకి నిన్న మరీ మరీ చెప్పాను. ఆవిడ మరీ గట్టిగా లాగేస్తున్నట్టున్నారండీ. చూడండి ఎలా వాచిందో."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నిదానం తన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు. పక్కన బావమరిది ఊపిరి తీసుకోవడం వినిపించింది, వదలడం వినిపించలేదు. ఇప్పుడు అంటాడు అనుకున్నాడు. అనాలి కూడా. వాడి అక్క. తన నోట ఆవిడ ఎంత మారిపోయిందో వాడు తెలుసుకున్నాడు.

"మా అక్క చెయ్యి మెత్తనండి," అన్నాడు బావమరిది.

చేతి మీది వెంట్రుక ఒకటి తీసి పడేసి, మళ్ళీ అన్నాడు. "ఆ చెయ్యి గట్టిగా లాగేది కాదు. అది పొరపాటండి. మీరు నాకు చూపించండి. నేను చేస్తాను."

నిదానం తలెత్తి అతని వైపు చూశాడు. బావమరిది అతని వైపు చూడటం లేదు. బల్ల మీది సీసాల వైపు, వాటి ధర ఎంతో అడగబోతున్న మనిషిలా చూస్తున్నాడు.

"ఆవిడ కాదమ్మా," అన్నాడు నిదానం. "నేనే. కత్తెర పట్టాను."

"కత్తెర పట్టారా?"

ఎలాగో చెప్పలేక చేసి చూపించాడు. లేని కత్తెర పట్టుకుని, బొటనవేలు ఆడించాడు. ఫిజియో అమ్మాయి తల పట్టుకుంది. బావమరిది మాత్రం ఆ వేలి వైపు చాలాసేపు చూశాడు.

"ఖాళీ కత్తెర ఆడించావా బావా?"

"ఊఁ."

"ఒక్కడివే?"

నిదానం చెయ్యి మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"ఇలా చూడండి," అంది ఆ అమ్మాయి, కోపం తగ్గించుకుని. "కత్తెరలో వేలు మూసుకోవడమే నేర్చుకుంటుంది. ఎంతసేపు ఆడిస్తే అంతసేపూ మూసుకోవడమే. మనకి కావలసింది తెరుచుకోవడం. దానికి పని చెప్పకూడదు. వదిలెయ్యాలి. ఏవండీ, మీరు ఇలా రండి."

ఆమె బావమరిది చేతుల్ని తీసుకుని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది. ఆ చేతుల నుంచి సబ్బు వాసన వేసింది. బావా బావమరిదీ ఒకరి తల ఒకరు కత్తిరించుకునేవాళ్ళే, కానీ షాపు కట్టేసే ముందు, మాట్లాడకుండా, చేతి అప్పు తీర్చేసుకుంటున్నట్టు. ఇప్పుడు ఆ చేతులు అతని చెయ్యి పట్టుకుని ఎటూ వెళ్ళకుండా ఉన్నాయి. ఆ వేళ్ళు తను నేర్పినవేనని నిదానానికి తెలుస్తోంది. ఇంత నెమ్మది మాత్రం తను నేర్పింది కాదు.

"సరిగ్గా అక్కడే," అంది ఆ అమ్మాయి. "మీకు బాగా వస్తోందే. ఇంటికి వెళ్ళగానే నీళ్ళలో పెట్టి ఇంకోసారి చెయ్యండి, మర్చిపోకముందే. మీ అక్కగారికి నా తరఫున సారీ చెప్పండి, అనవసరంగా అన్నాను."

"చెబుతానండి," అన్నాడు బావమరిది.

*

షాపు ఉన్న వీధి దగ్గర నిదానం ఆగాడు.

"నువ్వు వెళ్ళు. తాళాలాయన జనాన్ని లోపల పెట్టి తాళం వేసేస్తాడు."

"వేస్తే వేశాడు. ఇంటి దగ్గర ఇంకోసారి చెయ్యమందిగా."

గదిలోకి వచ్చి బావమరిది కిటికీ దగ్గర కుర్చీ చూశాడు. దాని వెనక, నిలబడి తిరిగిన చోట, నేల మీద దుమ్ము లేకుండా ఒక అర్ధచంద్రం ఏర్పడింది. దాన్ని చూశాడు. కుర్చీని బల్ల దగ్గరికి తెచ్చుకుని దాని మీద కూర్చున్నాడు. నీళ్ళు తనే వేడిచేశాడు. చెయ్యి నానాక తుడిచి, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టి, వేలి మొదలు పట్టుకున్నాడు.

"నొప్పా?"

"కాదు. లాగుతోంది."

"అయితే ఇక్కడే."

ఆగాడు. నిదానం కిటికీ అవతల ఎదురింటి గోడని చూస్తూ కూర్చున్నాడు. నిన్నటి దాకా తనని ఒక్క క్షణం కూర్చోనివ్వని ఆ ఆగడం ఇప్పుడు అంత భారంగా లేదు. దానిలో సగం బరువు ఇంకొకరి చేతిలో ఉంది.

"నిన్నే కబురు చేశాను బావా," అన్నాడు బావమరిది, వేలి వంకే చూస్తూ. "అతన్ని రమ్మని. సోమవారం వస్తాడు. కిటికీ పక్క కుర్చీ అతనికిస్తాను. లోపలి కుర్చీ దగ్గర నాకు అలవాటు. అది చెబుదామనే ఆస్పత్రికి వచ్చాను."

నిదానం ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. ఏళ్ళ తరబడి అద్దం ముందు నిలబడ్డ మనిషికి అది వచ్చు.

"బిగిస్తున్నావు," అన్నాడు బావమరిది.

"లేదు."

"నా చేతిలో ఉంది బావా. బిగిస్తున్నావు. తిట్టాలంటే తిట్టు. వేలు మాత్రం వదులు."

చాలాసేపు పట్టింది. తిట్లు వెతికాడు. ఒకటి రెండు దొరికాయి, అవి అందరూ తిట్టేవే, ఈ మనిషికి సరిపడేవి కావు. ఆ కుర్చీ పోయిందన్న సంగతి లోపల ఒక చోట కూర్చుంది. అది రేపూ అక్కడే ఉంటుంది, ఆ తర్వాతా ఉంటుంది. దాన్ని అక్కడ ఉండనిచ్చి, ఊపిరి వదిలాడు. బావమరిది వేళ్ళు కాస్త బయటికి జరిగి, మళ్ళీ ఆగాయి.

"ఆ అమ్మాయికి అక్క గురించి ఇంకా ఏం చెప్పావు?"

నిదానం అతని వైపు తిరిగాడు. వెక్కిరింపు కోసం వెతికాడు. అది లేదు. అతను ఊరి నుంచి వచ్చిన మనిషిని ఇంటి సంగతులు అడుగుతున్నట్టు అడిగాడు.

"పెద్దగా ఏం చెప్పలేదు. ఇవాళ మోకాళ్ళ నొప్పులని చెబుదామనుకున్నాను. మెట్లెక్కలేదని."

"అక్కకి మోకాళ్ళ నొప్పులేంటి? నాకంటే ముందు ఎక్కేసేది."

"చెప్పలేదుగా. అనుకున్నానంతే."

"ఇంకా?"

నిదానం ఆలోచించాడు. ఉన్నది అయిపోయింది, ఇక కల్పించాలి. ఎదుటి మనిషి వేలు వదలకుండా ఎదురుచూస్తున్నాడు.

"నా చెయ్యి నీళ్ళలో పెట్టించి, నేను లేవబోతే కూర్చో అంటుందని. ఇంకా కాలేదు, కూర్చో అని."

బావమరిది పట్టు వదలకుండా వేలి మీదికి తల వంచాడు. ఎదురింటి గోడ మీద ఎండ కొంచెం పైకి జరిగింది.

"అలాగే అంటుంది," అన్నాడు.